పంపు ఎవరి మెడలో

పంపంటే నీళ్ల పంపు కాదు. నడుముకు కట్టుకునే గుప్పెడంత పెట్టె. దాని గొట్టం కాలర్ దాకా వచ్చి, మనిషి పీల్చే చోట గాలిని లాగి ఫిల్టర్లో పడేస్తుంది. ఆ ఫిల్టర్లో ఆస్బెస్టాస్ పోగులెన్నో ల్యాబ్‌లో లెక్కపెడతారు. ఆ అంకెను, తొడుక్కున్నవాడి పేరు మీద, కంపెనీ దశాబ్దాల తరబడి దాచాలి. చట్టం అది. ఈ దుమ్ము ఇవాళ పీలిస్తే రోగం ముసలితనంలో లేస్తుంది. అప్పుడు కాగితం లేనివాడి మొహం ఎవడూ చూడడు.

మా లోయలో మూతపడ్డ కరెంటు ప్లాంటులో బాయిలర్లకు చుట్టిన పాత ఆస్బెస్టాస్ పీకే పని మాది. సూపర్‌వైజర్ రస్ పొద్దున్నే పంపు తెచ్చి లైల్ బ్రెన్నర్ కొక్కేనికే తగిలించేవాడు. ఎప్పుడూ లైల్‌కే. పంపుతో పాటు తలుపు దగ్గర పని కూడా లైల్‌దే: మేం లోపల నింపిన సంచులు తుడిచి, టేపు చుట్టి, బయటికి అందించడం.

ఇది చూస్తే మాతో లోపల పనిచేసే కార్మ్ సమ్మట్‌కు కడుపు రగిలిపోయేది. తనూ లైలూ ఒకే రోజు పనిలో చేరారు. ఇద్దరిలో పనిమంతుడు కార్మే.

"చూడక్కా, పెళ్లికొడుకు నగలాగా వాడి కొక్కేనికే ఎట్లా తగిలిస్తున్నాడో."

"అది ముద్దు కాదురా, మోసం," అన్నాను. భద్రత సంగతులకు పనివాళ్లు ఎన్నుకున్న ప్రతినిధిని నేను. "తలుపు దగ్గర గాలి శుభ్రం. అక్కడి అంకె చూపించి అందరూ అంతే పీల్చారంటాడు. రాసిచ్చాను కూడా. నవ్వి పక్కన పడేశాడు."

"నీకు అన్నిట్లో మోసమే కనబడుద్ది. నాకు కనబడేది ఒకటే. స్మోకోకి, ఆ టీ విరామానికి, మనం దుమ్ము పోయేలా స్నానం చేసి వచ్చేసరికి వాడు ఎండలో కూచుని సగం టీ తాగేసుంటాడు."

చెప్పి లాభం లేదు. అసూయ పట్టినవాడికి మోసం కూడా బహుమతిలాగే కనిపిస్తుంది.

బాయిలర్ వెనక పైపులు ఒలిచే రోజు వచ్చింది. అన్నిటికంటే చెడ్డ మూల అది. మాస్కులుంటాయి, కానీ చెమటకు జారుతాయి. లైల్ దొడ్డికి వెళ్లాడు. కార్మ్ వాడి కొక్కెం మీది పంపు తీసి తన నడుముకు కట్టుకున్నాడు. ఒక్కసారి, తనకూ ఉండాలని. అంతకుమించి ఏమీ లేదు. తెల్ల సూట్లు, మాస్కులు వేసుకున్నాక కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. అందుకే వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకుంటాం. పంపు మీద పేరుండదు. దాని కాగితం మీద రస్ పొద్దున్నే లైల్ పేరు రాసేసి ఉంటాడు, ఎవడు కట్టుకున్నాడో చూడడు. పనయ్యాక కార్మ్ పంపును తుడిచి అదే కొక్కేనికి తగిలించాడు.

తర్వాతి వారం స్మోకోలో రస్ కాగితం పట్టుకొచ్చాడు. మొహం పాలిపోయింది. అంకె హద్దు దాటి ఎక్కడో ఉంది. పేరు లైల్‌ది.

"కంగారుపడకు లైల్," అని భుజం మీద చెయ్యేశాడు. "ఛాతీ డాక్టర్ దగ్గరకు నేనే తీసుకెళ్తా. ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, అన్నీ నీ ఫైల్లో ఉంటాయి. ఎన్నేళ్లయినా."

కార్మ్ తింటున్నది పక్కన పడేశాడు. నన్ను షెడ్డు వెనక్కి లాక్కుపోయి జరిగింది కక్కేశాడు.

"ఆ దుమ్ము నాది! పీల్చింది నేను, డాక్టరు వాడికా? ఫైలు వాడికా?"

"పోయి చెప్పు. చెప్పకపోతే రేపు నీకు ఊపిరాడనప్పుడు, నువ్వు అక్కడ ఉన్నావని అనడానికి కాగితం ముక్క కూడా ఉండదు."

"చెప్తే రస్ పనిలోంచి పీకేస్తాడు."

"పీకితే ఒక్కడూ లోపలికి పోడు. నడు."

అందరి ముందూ చెప్పాడు. రస్ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "పంపుతో ఆటలాడావన్నమాట. అయితే శాంపిల్ చెల్లదు. చించేస్తా. నీ సంగతి తర్వాత."

"చించు," అన్నాను. "ముక్కలేరి ఇన్‌స్పెక్టరుకు నేనిస్తా. ఏ పోగూ అబద్ధం కాదు. అబద్ధం నువ్వు రాసిన పేరు."

లైల్ టీ కింద పెట్టాడు. వాడు గనక నోరు మూసుకుంటే అన్నీ వాడికే దక్కేవి.

"ఆరోజు నా కొక్కేనికి పంపు లేదు రస్. తలుపు దగ్గర ఊరికే కూచున్నా. నా పేరు కొట్టెయ్." కార్మ్ వైపు తిరిగాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా వెధవా. మీరంతా లోపల జోకులేసుకుంటుంటే నేను గుమ్మం దగ్గర కుక్కలా కాపలా."

మేం ఆరోజు పనిలోకి దిగలేదు. లైల్ పేరు మీద ఒక్క గీత గీసి, పైన కార్మ్ పేరు రాసి, వాళ్లిద్దరూ నేనూ సంతకాలు పెట్టాం. రేపటి నుంచి పంపు లోపల పనిచేసేవాడికేనని రస్ చేత రాయించాం. కార్మ్ ఆ కాగితం పట్టుకుని తన పేరు వేలితో తడిమాడు. పందెం గెలిచినవాడిలా నవ్వాడు.

బయట లైల్ బోర్లించిన డబ్బా మీద కూచుని ఈల వేస్తున్నాడు. పొడుగు పాట. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. కార్మ్ నవ్వు ఆగిపోయింది. తనూ ఛాతీ నిండా పీల్చి, ఎంతసేపు నిలుస్తుందో పట్టి చూసుకున్నాడు.

"విన్నావా అక్కా," అన్నాడు. "ఒక్క ఊపిరితో ఎంతసేపు లాగుతున్నాడో చూడు. అన్నీ వాడికే."