మంచె దిగని ఓరిన్

ఓక్ చెట్టుకు కట్టిన మంచె మీద ఓరిన్ మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చున్నాడు. నవంబరు మొదలు. అమెరికాలోని విస్కాన్సిన్ అడవుల్లో దుప్పిపోతులు ఆడవాటి వెంటపడి ఒళ్లు తెలియకుండా తిరిగే రోజులు. వాసన రాకుండా బట్టలు వంటసోడాతో ఉతికాడు. పొద్దున కాఫీ కూడా తాగలేదు. ఒక చిన్న పిట్ట అతని బూటు మీద వాలి, లేసు పొడిచి చూసి ఎగిరిపోయింది.

పొద్దు వాలే వేళకు వచ్చింది పోతు. వేసవి నుంచి అతను కన్నేసి ఉంచినదే. కొమ్ములకు పది కొనలు. ఎద్దు మెడలా ఉబ్బిన మెడ. ఆడదాని వెనకే వచ్చి తుప్పల చాటున ఆగింది. బాణం వేయడానికి రొమ్ము కనబడడం లేదు. రెండడుగులు ముందుకేస్తే చాలు. ఓరిన్ వేళ్లు వింటినారి మీదే ఉన్నాయి.

ఎడమవైపు ఆకుల చప్పుడైంది. కుంటినడక చూడగానే తెలిసింది, అన్న వెర్న్ అని.

మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి పొలాల సరిహద్దు మీద నాన్న నాటిన మేపుల్ చెట్లను వెర్న్ తమ్ముడికి చెప్పకుండా కొట్టించాడు. ఓరిన్ అనరాని మాటలన్నాడు. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

వెర్న్ సరిగ్గా మంచె కింద ఆగి, టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పైకి చూడలేదు.

"పైనే ఉన్నావని తెలుసురా. దారిలో నీ బండి చూశాను."

పోతు చెవులు ఇటు తిప్పింది. కానీ ఆడదాన్ని వదిలి కదల్లేదు. గాలి ఇంకా దాని వైపు నుంచే వస్తోంది, మనుషుల వాసన దానికి అందలేదు.

"కింద బాడవలో ఒక దుప్పిని కొట్టాను. పెద్దదేం కాదులే, నవ్వకు. ఈ తుంటితో లాగలేకపోతున్నాను. పక్క పొలం డ్యూయీని పిలవొచ్చు గానీ, వాడు లాగేది తక్కువ, వాగేది ఎక్కువ. అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను."

వెర్న్ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాడు. ఇన్నాళ్లూ తను ఎదురుచూసింది ఈ పిలుపు కోసమేనని ఓరిన్‌కి తెలుసు. 'వస్తున్నా' అంటే సరిపోయేది. అంతలో పోతు ఒక అడుగు ముందుకేసింది. ఇంకొక్కటి, అనుకున్నాడు. అది పడ్డాక అన్నకు చెప్పొచ్చులే అనుకున్నాడు.

"ఆ మేపుల్ చెట్ల సంగతి..." వెర్న్ బూటుతో ఆకులు కెలికాడు. "నిన్నొక మాట అడగాల్సింది."

పైన మంచె కిర్రుమనలేదు.

"సరేలే. నీ ఇష్టం," అని వెర్న్ టోపీ పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అతను కనుమరుగయ్యాడో లేదో గాలి తిరిగింది. పోతు బుసకొట్టి, తెల్లతోక ఎత్తి, ఒక్క దూకులో మాయమైంది.

నడుముకు కట్టుకున్న పట్టీలు విప్పుకుని, బిగుసుకుపోయిన మోకాళ్లతో దిగేసరికి చాలాసేపు పట్టింది. "అన్నా!" అని అరిచాడు. ఇంటికి పోయాడేమోనని ముందు అటు నడిచి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

బాడవ చేరేసరికి డ్యూయీ వచ్చేశాడు. దుప్పి అప్పటికే బండెక్కింది.

"అదిగో, చెట్టు దిగొచ్చాడు!" అన్నాడు డ్యూయీ. "చెమటంతా మాకొదిలేసి ఇప్పుడొచ్చావేంటి బాబూ?"

ఓరిన్ అన్నవైపే చూశాడు. "నీ వెనక పోతు ఉందన్నా. అందుకే పలకలేదు."

"ఎన్ని కొనలు?"

"పది."

వెర్న్ తాడు చుట్టుకుంటూ తలూపాడు. "అలాగైతే నేనూ కదిలేవాణ్ని కాదు. దొరికిందా?"

"లేదు."

"అయ్యో," అన్నాడు వెర్న్, సంతలో ఎవరితోనో అన్నట్టు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఓరిన్‌కి.

ఆ ఊళ్లో దుప్పిని లాగినవాళ్లు ఆ రాత్రి వేటగాడి ఇంట్లోనే తింటారు.

"పద డ్యూయీ," అన్నాడు వెర్న్. "మా ఆవిడ ఫిలిస్ ఉల్లిపాయలు తరుగుతుంటుంది. దీని గుండెకాయ వేడివేడిగా వేయిస్తుంది."

డ్యూయీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత బండెక్కాడు.

"చీకటి పడుతోంది, చూసుకుని వెళ్లు," అని తమ్ముడితో అని వెర్న్ తలుపు వేసుకున్నాడు.

దారి ఇరుకు. బండి పోవడానికి ఓరిన్ విల్లు పట్టుకుని గడ్డిలోకి జరిగాడు.