మార్కండేయ ఫ్రీక్వెన్సీ

గొంతులో గడ్డ కోసేసినాక మార్కండేయకు మాట పోయింది. ధర్మవరంలో మగ్గం నేసేవానికి నోటితో ఏం పనిలే అని చుట్టాలు ఓదార్చినారు గానీ, ఆయన ప్రాణమంతా ఇంట్లో కూర్చోనే ఊరూరి వాళ్ళతో, దేశదేశాల వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో మీదే. మాట్లాడలేడు కాబట్టి మళ్ళీ మోర్స్ కీ పట్టినాడు. చుక్కలూ గీతలూ కొడితే గుత్తిలో ఉన్నవాడూ పలికేవాడు, సిలోన్‌లో ఉన్నవాడూ పలికేవాడు.

పెద్ద సెట్టు ఆపరేషన్ ఖర్చుల కింద అమ్ముడుపోయింది. మిగిలిన సామాన్లతో చిన్న సెట్టు ఒకటి సొంతంగా కట్టుకున్నాడు. దానికి ఉండేది ఒకటే ఫ్రీక్వెన్సీ. పక్కకు జరుపుదామన్నా జరగదు.

హామ్‌లకు ఇచ్చిన ఫ్రీక్వెన్సీలన్నీ ఉండే బ్యాండులో కింది కొస మోర్స్ వాళ్ళకు, పైభాగం మాట్లాడేవాళ్ళకు అని హామ్‌లు ఏనాడో పంచుకున్నారు. ఓబిలేష్‌కు ఆ పద్ధతి నేర్పింది మార్కండేయే. ఇప్పుడు ఓబిలేష్ హామ్ క్లబ్బు అధ్యక్షుడు. పైన రద్దీ ఎక్కువైందని, రోజూ పొద్దున క్లబ్బువాళ్ళంతా రేడియోలో మాట్లాడుకునే కూటాన్ని తెచ్చి సరిగ్గా మార్కండేయ ఫ్రీక్వెన్సీ మీద కూర్చోబెట్టినాడు.

మార్కండేయ, భార్య అంజనమ్మను వెంటబెట్టుకొని క్లబ్బు మీటింగుకు పోయినాడు. పలక మీద రాసి చూపించినాడు: "నాకు ఉండేది అదొక్కటే. మీకు బ్యాండంతా ఉండాది."

ఓబిలేష్ ఆ పలక తీసుకొని, మార్కండేయ గొంతులోంచి వచ్చే గురగురను అనుకరిస్తా అందరికీ చదివి వినిపించినాడు. అందరూ నవ్వినారు. మార్కండేయ పాత స్నేహితుడు, హిందూపురం శ్రీరంగప్ప కూడా మొగం తిప్పుకొని నవ్వినాడు.

"ఏమన్నా, గాలిని ఎవరన్నా నీ పేరుతో రిజిస్టర్ చేసినారా? మనం చేసుకున్న పంపకాలే గదా. పదిమంది యాడ మాట్లాడితే అదే బ్యాండ్ ప్లాను," అన్నాడు ఓబిలేష్.

"నీకు ఆ కీ పట్టుకోను నేర్పింది ఈయనే గదప్పా," అనింది అంజనమ్మ.

"అందుకే గదక్కా ఇంకా అన్నా అంటాండేది."

ఆ తర్వాత మార్కండేయ పొద్దున పూట ఎంత కొట్టినా వాళ్ళ మాటల కింద నలిగిపోయేది. వారాలు గడిచినాయి. ఒకనాడు రాగిజావ తాగి సెట్టు పెట్టేసరికి ఓబిలేష్ గొంతు బరువుగా వినిపించింది.

"మన మార్కండేయన్న సైలెంట్ కీ అయినాడని చెప్పేకి బాధగా ఉండాది."

హామ్ ఎవరన్నా చచ్చిపోతే అట్లంటారు. అంజనమ్మ మొగుని మొగం చూసింది.

"అన్న కోసరం ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

ఫ్రీక్వెన్సీ ఖాళీ అయింది. మార్కండేయ గబుక్కున కీ అందుకున్నాడు. రేడియోలో తన పేరు మాదిరి చెల్లే కాల్ సైన్ కొట్టినాడు. మళ్ళీ కొట్టినాడు. "బతికే ఉండా" అని కొట్టినాడు. మోర్స్ కొట్టే చేతిని తెలిసినవాళ్ళు గొంతు మాదిరే గుర్తుపడతారు.

మౌనం ముగిసింది. శ్రీరంగప్ప సన్నగా అన్నాడు, "ఓబిలేషూ, అది మార్కండేయ చెయ్యి మాదిరే ఉండాది."

"ఎవడో దొంగన్నా. పోయినోళ్ళ కాల్ సైన్ వాడుకుంటాండాడు. ఎవరూ జవాబియ్యాకండి. ఇచ్చినోళ్ళు క్లబ్బులో ఉండరు."

"అవునులేప్పా," అన్నాడు శ్రీరంగప్ప. "మార్కండేయ చెయ్యి ఇంకా మెత్తన."

అంజనమ్మ ఓబిలేష్‌కు ఫోన్ చేసింది. "బతికున్న మనిషిని చంపుతావేమప్పా?"

"అక్కా, అందరికీ మెసేజ్ పోయింది. ఇప్పుడు కాదంటే క్లబ్బు పరువేం గావాల? అన్నకు ఇంకా రేడియో ఎందుకు, రెస్టు తీసుకోమను. ఆదివారం ఫోటోకు దండ వేస్తాండాం, నువ్వు రా. భోజనాలు కూడా ఉండాయి."

ఆమె ఫోన్ పెట్టేసి సెట్టు ఆపబోయింది. మార్కండేయ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రేడియోలో ఒక్కొక్కరే ఆయన గురించి చెబుతాండారు. ఎంత ఓపికగా నేర్పేవాడో, ఒక్కనాడైనా ఎవరి మీదా ఎక్కి మాట్లాడలేదని, అట్లాంటి మనిషి మళ్ళీ పుట్టడని. ఇప్పుడే ఆయన పిలుపు విన్నవాళ్ళే అందరూ. తల వంచుకొని చివరిదాకా విన్నాడు.

తర్వాత ఓబిలేష్ కణేకల్ వాళ్ళను వాన పడిందా అని అడిగినాడు. పడలేదన్నారు. మాటలు వేరుశనగ మీదికి పోయినాయి.