మాస్టారి మంచు జోస్యం

లంబసింగిలో చలికాలం నవంబరులో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. ఎలీయేజరు మాస్టారికి మాత్రం ఆగస్టులోనే మొదలవుతుంది. బయట వాన దంచి కొడుతుంటే ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోనులో పసిఫిక్ మహాసముద్రం చూస్తూ కూర్చుంటారు. అక్కడెక్కడో నీళ్లు చల్లబడితే ఇక్కడ మన కొండల మీద ఏమవుతుందో ఆయనకొక లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారం లంబసింగిలో ఈపాటికి చాలాసార్లు హిమపాతం జరిగి ఉండాలి. ఒక్కసారీ జరగలేదు. లెక్కలో తప్పేమీ లేదని, కొండలే మాట వినడం లేదని మాస్టారి అభిప్రాయం.

పిల్లలకు సోషల్ చెప్పడం ఆయన ఉద్యోగం. 'మన్యం చలి మిత్రులు' అనే వాట్సాప్ గ్రూపు నడపడం ఆయన బతుకు. అందులో అరకు వాళ్లున్నారు, పాడేరు వాళ్లున్నారు, సీలేరు కాలనీ నుంచి ఒకాయన ఉన్నాడు. విశాఖపట్నంలో ఫ్యాను కింద పడుకుని మన చలి గురించి వాదించేవాళ్లకైతే లెక్కే లేదు. అమెరికా వాళ్ల వాతావరణ పటం గొప్పదా, యూరప్ వాళ్ల పటం గొప్పదా అని రోజూ కొట్టుకుంటారు. మాస్టారికి ఆ పట్టింపు లేదు. ఏ పటం సున్నా డిగ్రీలు చూపిస్తే ఆ రోజుకి అదే గొప్పది.

అక్టోబరులో ఆయన మాట 'ఈ ఏడు హిమపాతం ఖాయం'. నవంబరులో అది 'అవకాశాలు మెండు' అవుతుంది. డిసెంబరు వచ్చేసరికి 'గడ్డి మీద తెల్లగా పేరుకోవచ్చు' దగ్గరికి దిగుతుంది. జనవరి చివర 'వచ్చే ఏడు చూద్దాం' అని దండం బొమ్మ పెడతారు. ఇదంతా నవ్వులాటగా ఉందని ఆయనకు తెలియక కాదు. ఒక్కోసారి పాత పోస్టులన్నీ పైకి జరుపుకుంటూ చదివి, ఒక్కరే పొట్ట పట్టుకుని నవ్వుకుంటారు. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని కొత్త పోస్టు పెడతారు.

నిజానికి మాస్టారు పుట్టి బుద్ధెరిగాక మంచు కురవడం చూడలేదు. ఆయన నెత్తి మీద పడిన తెల్లటి పదార్థం ఏదైనా ఉందంటే అది చర్చిలో క్రిస్మస్ పాక కట్టేటప్పుడు ఊడిపడిన దూది. కళ్లారా ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. కురవకపోతే పోనీ, కనీసం తెల్లారేసరికి నేల తెల్లబడి ఉంటే చాలు. మనిషికి ఇంతకన్నా పిచ్చి కోరికలు ఉంటాయి గనక దీన్ని మనం పెద్దగా తప్పు పట్టనక్కర్లేదు.

ఈ ఏడు డిసెంబరులో ఒక విడ్డూరం జరిగింది. క్రిస్మస్ ముందరి ఆదివారానికి పటాలన్నీ ఒకే మాట చెప్పాయి. ఉత్తరం గాలి, మబ్బు లేని ఆకాశం, లంబసింగి మీద సున్నా. మాస్టారు బుధవారం నాడే గ్రూపులో పెట్టారు: 'ఆదివారం తెల్లవారుజామున లంబసింగిలో సున్నా, ఇంకా కిందికి కూడా. గడ్డి, చేలు, అన్నీ తెల్లబడతాయి. ఇది నా మాట.'

అరకులో కాఫీ దుకాణం నడిపే రవిబాబు వెంటనే అందుకున్నాడు. గ్రూపులో మాస్టారికి పోటీ అంటూ ఉంటే అతనే. "మీ మాటలు చాలా విన్నాం మాస్టారూ. ఆదివారం పొద్దున్నే నేనే వచ్చి ఫోటో తీస్తా. తెల్లగా కనబడకపోతే అడ్మిన్ పదవి నాకిచ్చేసి మీరు మామూలు సభ్యుడిగా ఉండండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. నవ్వు బొమ్మలు వరద కట్టాయి. మాస్టారు 'సరే' అన్నారు. అన్నాక ఆయనకు అన్నం సహించలేదు.

మంచు పేరుకోవాలంటే పల్లం కావాలి. రాత్రంతా చల్లగాలి కొండ మీంచి జారివచ్చి పల్లంలో చేరుతుంది. మాస్టారి డాబా ఎక్కితే అలాంటి పల్లం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. ఫోటోకి అంతకన్నా మంచి చోటు లేదు. అది కనక తోట. కనక మొగుడు మంగ్లు సీలేరులో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఎప్పుడూ రాజ్మా వేసే ఆ చేలో కనక ఈ ఏడే మొదటిసారి స్ట్రాబెర్రీ వేసింది. క్రిస్మస్ సెలవులకు వచ్చే టూరిస్టులు తోటలో దిగి, తామే కోసుకుని, మంచి ధర ఇచ్చి పోతారు. కాయ ఎర్రబడుతోంది, పువ్వు మీద పువ్వు వస్తోంది. నేల తెల్లబడేంత మంచు ఒక్క రాత్రి పడిందా, పువ్వు నల్లబడిపోతుంది, కాయ మెత్తబడిపోతుంది, ఆమె ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది.

గురువారం సాయంత్రం కనక మాస్టారి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మేస్టారూ, ఈ ఆదివారం గట్టి మంచు పడతాదేటి? తోట కప్పాలంటే బరకాలు కావాల. ఊళ్లో బరకాలన్నిటి మీదా కాఫీ పళ్లు ఆరతన్నాయి. పడతాదని మీరంటే నలుగుర్నీ బతిమాలి, పళ్లు ఎత్తించి తెచ్చుకుంటాను."

మాస్టారి కళ్ల ముందు తోట కనిపించింది. తెల్లటి తోట కాదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నీలం టార్పాలిన్ బరకాలు, పసుపు బరకాలు, మధ్యలో చిరుగులకు వేసిన మాసికలు. వాటిని ఫోటో తీస్తూ పళ్లికిలిస్తున్న రవిబాబు. ఆయన నోరు ఆయనకన్నా ముందు పనిచేసింది.

"అబ్బే, ఏమీ రాదు కనకా. శనివారానికి మబ్బు పట్టేస్తుంది. వాళ్ల కాఫీ పళ్లు ఎత్తించడం, ఆ గొడవంతా ఎందుకు? హాయిగా పడుకో."

కనక ఆయన ముఖంలోకి ఒక నిమిషం చూసింది. "ఏటీ రాదంటారు" అంది. "రాదు" అన్నారు మాస్టారు. ఆమె చిన్నగా నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు తన మీద నమ్మకం అనుకుని మాస్టారు మరింత కుంగిపోయారు.

శుక్రవారమంతా ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నారు. తన జోస్యం ఎప్పుడు ఫలించింది గనక? మంచు వస్తుందని తను అన్నాడంటే రాదనే కదా అర్థం! అలాంటప్పుడు కనకకు చెప్పింది నిజమే అవుతుంది. ఈ వాదన ఆయనకు చాలా నచ్చింది. కాకపోతే ఆ వాదన గెలవాలంటే తను ఓడిపోవాలి, ఓడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. మబ్బు పట్టాలని కాసేపు, పట్టకూడదని కాసేపు ప్రార్థన చేశారు.

శనివారం సాయంత్రానికి ఆకాశం కడిగినట్టుంది. ఎక్కడా మబ్బు తునక లేదు. ఆయన భార్య దేవమణి చర్చిలో పాటల సాధన ముగించుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"గ్రూపులో సున్నా అని పెట్టారంట, పాస్టరు గారు సెప్పారు. కనకకేమో ఏటీ రాదన్నారంట. దేవుడికి రెండిట్లో ఏది సెప్పారు?"

మాస్టారు మఫ్లరు చుట్టుకుని, వీధి దాటి, గట్టు దిగి కనక తోటకి పరుగులాంటి నడకతో వెళ్లారు. ఆ క్షణంలో ఆయనకు పదవి గుర్తు లేదు, ఫోటో గుర్తు లేదు. ఆ పిల్ల కష్టం పాడైపోతుందన్న బెంగ ఒక్కటే ఉంది. దారంతా మాటలు కూర్చుకున్నారు, 'తప్పైపోయింది కనకా, నీతో అబద్ధం చెప్పాను' అని.

పల్లంలోకి దిగేసరికి తోట కనిపించలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా బరకాలే. కనక ఆఖరి మూల మీద రాయి పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

"ఇదేంటి కనకా! రాదన్నాను కదా?"

కనక పగలబడి నవ్వింది. "ఏటనుకోకండి మేస్టారూ. మీరు వత్తాదంటే రాదు, రాదంటే వత్తాది. ఊరందరికీ ఎరికే. మీరు రాదన్నారు గదా, ఆ సాయంత్రమే ఎల్లి బరకాలు సెప్పీసినాను. పడతాదనుంటే మట్టుకు ఊరుకుందును."

మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఆ ప్రాణానికి కాస్త పౌరుషం కూడా వచ్చింది, ఊరంతా తన గురించి ఇలా అనుకుంటోందా అని. ఆమె నవ్వుతోంది. తోట భద్రంగా ఉంది. ఇప్పుడు అబద్ధం సంగతి ఎత్తడం ఎందుకు? తెలివితక్కువవాడిగా ఉండిపోవడం ఆయనకు చాలా సుఖంగా తోచింది. ఆయనా నవ్వేశారు. తిరిగి వచ్చి కడుపునిండా అన్నం తిన్నారు.

ఆదివారం తెల్లవారేసరికి లంబసింగి తెల్లబడింది. గడ్డి తెల్లన, కంచె తెల్లన, కనక పాక మీది గడ్డి తెల్లన, బరకాల మీద కూడా ఉప్పు చల్లినట్టు తెల్లన. థర్మామీటరు సున్నా దాటి కిందికి దిగింది. మాస్టారు గట్టు మీద నిలబడి ఆ తెల్లదనాన్ని వేలితో తాకి చూశారు. చురుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్ల ఆశ అది! సంతోషం పట్టలేక ఆయన అక్కడే రెండు చిందులు కూడా వేశారు, ఎవరూ చూడలేదనుకుని.

రవిబాబు చూశాడు. స్వెటరు మీద స్వెటరు వేసుకుని, మెడలో కెమెరాతో గట్టు దిగి వచ్చి మాస్టారిని కౌగిలించుకున్నాడు. పోటీదారే గానీ చెడ్డవాడు కాదు. కింద కనక ఒక బరకం చివర ఎత్తి చూస్తోంది. కాయలు ఎర్రగా, తాజాగా ఉన్నాయి. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"మా మేస్టారి దయేనండి" అంది రవిబాబుతో. "మంచు రాదని సెప్పినారు. ఈయన మాటెప్పుడూ తప్పే గదా, అందికే కప్పీసినాను."

"తప్పేంటమ్మా!" అన్నాడు రవిబాబు, మాస్టారి పరువు కాపాడే ఉత్సాహంతో. "జన్మలో మొదటిసారి కరెక్టుగా చెప్పారు మా మాస్టారు! బుధవారమే పెట్టారు, ఇదిగో విను." ఫోను తీసి గట్టిగా చదివాడు. 'ఆదివారం తెల్లవారుజామున లంబసింగిలో సున్నా... గడ్డి, చేలు, అన్నీ తెల్లబడతాయి. ఇది నా మాట.'

కనక చేతిలోని బరకం అలాగే ఉండిపోయింది.

"బుధారమా?" అంది. "నాను మీకాడికి లచ్చివారం వచ్చినాను."

మాస్టారి జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది. గ్రూపంతా అభినందనలు పెడుతున్నట్టుంది. ఆయన దాన్ని తియ్యలేదు.

"ఫోటో కోసం కనకా" అన్నారు చివరికి. "బరకాలు వేస్తే తెల్లగా కనబడదని... అలా అనేశాను. నిన్న చెబుదామనే వచ్చాను."

రవిబాబు కెమెరా మెల్లగా కిందికి దించాడు. కనక కోప్పడలేదు. కోప్పడి ఉంటే మాస్టారికి ఎంతో తేలికగా ఉండేది.

"తెలీక తప్పు సెప్తారనుకున్నాను మేస్టారూ, ఇన్నాళ్లూ" అంది. "తెలీక సెప్పినా మనసులో ఉన్నదే సెప్తారు గదా. అందికే అడగడానికొచ్చీదాన్ని. మీ మాట తిరగేసుకుంటే నాకు సరిపోయీది."

ఆమె వంగి బరకం మడవడం మొదలుపెట్టింది. మాస్టారు రెండో చివర పట్టుకున్నారు. మంచు కరిగి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇద్దరూ ఒక్కో మడత వేసుకుంటూ దగ్గరికి వచ్చారు. కనక ఆయన చేతిలోంచి తన చేతిలోకి అంచు తీసుకుంటూ అడిగింది.

"రేపు కప్పాలో అక్కర్లేదో, ఇంకెవుర్ని అడగాల మేస్టారూ?"

మాస్టారు ఆకాశంలోకి చూశారు.