కల్లంలో పడవ

వీరాంజనేయులు పొద్దున్నే లేచి మొట్టమొదట చేసే పని నేల చూడటం. మంచం దగ్గర్నుంచి బయల్దేరిన తడి పాదాల గుర్తులు వంటింట్లోకి వెళ్ళాయా, పెరట్లోకి వెళ్ళాయా, గొడ్లచావిడి వైపు తిరిగాయా అని చూస్తే చాలు, భార్య ఎక్కడుందో తెలిసిపోతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను కేకేసి పిలవాల్సిన అవసరమే ఆయనకు రాలేదు. కాఫీ కావాలనిపిస్తే గుర్తుల వెంట నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడేవాడు.

వెంకటరావమ్మ పాదాలు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ఆమెది అమరావతి, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళిచూపుల్లోనే వాళ్ళ నాన్న "మా అమ్మాయి పాదాలు ఆరవండీ" అని దాచకుండా చెప్పాడు. ఇంటికి తడిగుడ్డ పెట్టే పని తప్పుతుందని అత్తగారు సంబరపడింది. ఎండలు ముదిరితే చాలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె పక్కన చాపలు వేసుకుని చేరేవాళ్ళు. పిల్లులు ఆమె నడిచిన దారి చూసుకుని పడుకునేవి. ఊళ్ళో ఎవరికీ అందులో వింతేమీ కనపడలేదు. ఒకరికి చెమట ఎక్కువ, ఒకరికి కోపం ఎక్కువ, ఈమెకి తడి ఎక్కువ, అంతే అనుకున్నారు.

వచ్చిన చిక్కల్లా మిరపకాయలతోనే. కాయ కోసి కల్లంలో ఎండబోశాక దానికి చుక్క తడి తగలకూడదు. తగిలిందా, బూజు పట్టి రంగుపోయి తాలు కింద జమ అవుతుంది. అందుకని వాళ్ళ కల్లానికి రెండే కట్టుబాట్లు: చెప్పులతో ఎవరూ అడుగుపెట్టకూడదు, వెంకటరావమ్మ అసలు అడుగుపెట్టకూడదు.

కూలికొచ్చే కొండమ్మ ముఠా ఆడవాళ్ళు ఎర్రటి కాయల నడుమ చేరి తాలు ఏరుతుంటే, ఈమె కల్లం అంచున రాతి మీద కూర్చుని చూసేది. ఊరి సంగతులన్నీ తేలేది ఆ నడిమధ్యనే. సగం మాటలు ఈమె దాకా వచ్చేవి కావు. వాళ్ళు విరగబడి నవ్వితే, ఎందుకో తెలియకపోయినా, కాస్త ఆలస్యంగా తనూ నవ్వేది. ఆ ఆలస్యపు నవ్వు చూడలేక వీరాంజనేయులు మొహం తిప్పుకునేవాడు. తన భార్య తన కల్లంలోనే పరాయిదానిలా కూర్చోవడం ఆయన సహించలేకపోయాడు.

ఒక ఏడాది ప్లాస్టిక్ టబ్బులో కాళ్ళు పెట్టించి కుర్చీలో కూర్చోబెట్టి కల్లంలోకి మోయించాడు. మధ్యాహ్నానికి టబ్బు నిండింది. కొండమ్మ చెప్పిన ఏదో కబురుకి వెంకటరావమ్మ పడీపడీ నవ్వేసరికి అది కాస్తా తిరగబడి, ఒక కుప్పంతా నల్లబడిపోయింది. ఆ తర్వాత ఆమే ఇక వద్దంది.

"నాకు రాయి అలవాటేలే. నువ్వు బెంగపెట్టుకోకయ్యా," అంది.

ఆయన బెంగపెట్టుకోవడం మానలేదు. నిరుడు వానాకాలంలో ఫోనులో ఒక వీడియో కనపడింది. ఎక్కడో మంచుదేశంలో ఒక పెద్దాయన తన కారు షెడ్డులో సన్నటి చెక్క బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతికిస్తూ పడవ కడుతున్నాడు. కట్టి, భుజాన పెట్టుకుని నడిచిపోయాడు. ఆ తేలిక చూసి వీరాంజనేయులు లేచి కూర్చున్నాడు. పొడుగ్గా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, ఒరగదు, మనిషితో సహా నలుగురు ఎత్తగలరు. పడవంటే నీళ్ళను ఆపేదే కదా, బయటివాటిని ఆపితే లోపలివాటిని మాత్రం ఆపదా అనుకున్నాడు.

గట్టు మీద పెంచిన మలబారు వేప కొట్టించి గుంటూరు తీసుకెళ్ళి సన్నటి బద్దలుగా కోయించాడు. మూలపడ్డ ఎడ్లబండి నొగలు వసారాలో పరిచి, వాటి మీద పడవ ఆకారానికి కోసిన అచ్చులు వరసగా నిలబెట్టాడు. బద్దకి జిగురు రాసి, పక్క బద్దకి ఆనించి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టేవాడు. ఇంట్లో బట్టల క్లిప్పులన్నీ పడవకే పోయాయి. దండెం మీది చీరలు గాలికి ఎగిరిపోతున్నాయని వెంకటరావమ్మ సణుగుతూనే, సాయంత్రం అయ్యేసరికి ఇంకో గుప్పెడు క్లిప్పులు తెచ్చి ఇచ్చేది.

పక్కింటి ఆదెయ్య రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. "ఏరా, మనూరికి సముద్రాన్ని ఎప్పుడు తెప్పిస్తున్నావ్?"

"నువ్వు కాస్త పక్కకి జరిగితే రేపే తెప్పిస్తా. చోటు చాలట్లేదు."

అడుగు భాగం సాఫీగానే సాగింది. కొనల దగ్గరికి వచ్చేసరికి బద్ద వంగనని మొండికేసింది. గట్టిగా వంచితే ఫట్టున విరిగేది. విరిగిన ముక్కలు పొయ్యిలోకి పోతుంటే ఆయన మొహం మాడిపోయింది. వెంకటరావమ్మ కాసేపు చూసి, బద్దలు నేల మీద పరవమని చెప్పింది. వాటి మీద ఈ కొస నుంచి ఆ కొసకి నిదానంగా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఆ తర్వాత బద్ద లేత కొబ్బరాకులా చెప్పినట్టు వంగింది. అప్పట్నుంచి ప్రతి బద్దా ఆమె నడిచాకే పడవెక్కింది. ఇద్దరూ కలిసి ఒక పని మీద అన్నాళ్ళు కూర్చోవడం వాళ్ళకదే మొదలు, ఇద్దరికీ అది చాలా బాగుంది.

చెక్కంతా నున్నగా తోమాక, లారీ క్యాబిన్లకి ఫైబరు పని చేసే యూసుఫ్‌ని ఆటోనగర్ నుంచి పిలిపించి, గాజుగుడ్డ పరిచి దాని మీద రెజిన్ జిగురు ఎలా పూయాలో నేర్చుకున్నాడు. వీడియోలో పెద్దాయన చేసినట్టే బయటంతా అద్దంలా వచ్చేదాకా పూతల మీద పూతలు వేశాడు. లోపల ఒక్క పూతతో సరిపెట్టాడు.

వెంకటరావమ్మను కూర్చోబెట్టి చూశారు. పొద్దెక్కేసరికి పడవ అడుగున చెమట పట్టింది. ఇంకాసేపటికి నీళ్ళు బొట్లుబొట్లుగా కారాయి. యూసుఫ్ వచ్చి కింద చెయ్యిపెట్టి తడిమి, నవ్వాపుకుంటూ నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ వీడియోలో వాళ్ళకి నీళ్ళు బయటుంటాయి. మనకి లోపలుంటాయి. నువ్వు చొక్కా తిరగేసి తొడిగావ్."

ఆదెయ్య ఆ మాట ఊరంతా మోశాడు. వీరాంజనేయులుకి నవ్వు రాలేదు. అప్పటికే ఆఖరి కోత కాయ కల్లానికి చేరింది. అది ఎండి బస్తాలకెక్కితే మళ్ళీ ఏడాదిదాకా కల్లమే ఉండదు, ఆమెకి రాయే గతి. లోపలంతా మళ్ళీ గీకి, గుడ్డ పరిచి, పూత వేశాడు. అది ఆరేదాకా వెంకటరావమ్మ వసారా ముఖం చూడకుండా పెరటి దారినే తిరిగింది.

పడవ కల్లానికి వెళ్ళిన రోజు కొండమ్మ ముఠా అంతా పని ఆపి నిలబడింది. కల్లం అంచునే వెంకటరావమ్మ పడవెక్కి కూర్చుంది. వీరాంజనేయులు, ఆదెయ్య, యూసుఫ్, కొండమ్మ మొగుడు బాలస్వామి తలా ఒక మూల పట్టి, పాదాలు ఎత్తకుండా కాయల్ని జరుపుకుంటూ నడిచి, నడిమధ్యన పేర్చిన ఇటుకల మీద దించారు. కొండమ్మ ఒక ఒళ్ళెడు కాయలు తెచ్చి ఆమె ఒళ్ళో పోసింది.

"ఊరికే కూర్చుంటే కుదరదమ్మా. తాలు ఏరండి," అంది.

ఏరింది. ఘాటుకి తుమ్మింది. ఆ రోజు కొండమ్మ ఏదో చెప్పగా అందరూ ఒక్కసారే నవ్వారు, వెంకటరావమ్మ కూడా వాళ్ళతోపాటే నవ్వింది. అంచున నిలబడిన వీరాంజనేయులు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఘాటు ఎక్కువగా ఉందన్నాడు.

మర్నాటి మధ్యాహ్నం పడమర నుంచి నల్లటి మబ్బు లేచింది. కాలం కాని కాలంలో వచ్చే మబ్బంటే మిరప రైతుకి ప్రాణం పోయినంత పని. అందరూ టార్పాలిన్ పట్టాలు లాక్కొచ్చి కప్పుతుంటే పెద్ద గాలి కొట్టింది. కల్లం మధ్యన ఒక పట్టా అంచు లేచి, కాయలు బయటపడ్డాయి. దగ్గర్లో ఎవరూ లేరు, పడవలో కూర్చున్న వెంకటరావమ్మ తప్ప.

ఆమె దిగింది. ఇన్నేళ్ళు రాతి మీద నుంచి చూసి చూసి నేర్చుకున్న నడకతో, పాదాలు ఎత్తకుండా, కాయల్ని జరుపుకుంటూ వెళ్ళింది. పట్టా పట్టి లాగి, దాని మీద కూర్చుండిపోయింది. ఎవరూ వద్దని అరవలేదు, అరిచే తీరిక ఎవరికీ లేదు. మబ్బు నాలుగు చినుకులు రాల్చి, వేరే ఊరి మీదికి పోయింది.

పట్టాలు తీశాక గాని ఆమెకి తను ఎక్కడుందో తెలియలేదు. తెలిసి, కదలకుండా నిలబడిపోయింది. కొండమ్మ వంగి, ఆమె నడిచిన దారిలో కాయలు గుప్పెడు తీసి ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. పొడి. మరో చోట తీసింది, అదీ పొడే. ఆ తర్వాత ఆమె పాదం పట్టుకుని తడిమి చూసింది.

"ఆరిపోయినయ్యమ్మా," అంది మెల్లగా.

అందరూ పడవ వైపు చూశారు. అది అంచుదాకా నిండి ఉంది. తెల్లటి, తేట నీళ్ళు. కింద ఒక్క బొట్టు కారలేదు. ఆమె తడి ఆమె నడిచిన చెక్కల్లోనే ఉండిపోయిందన్నాడు బాలస్వామి. అవునన్నారు అందరూ, సర్దుకుని మళ్ళీ తాలు ఏరడానికి కూర్చున్నారు. పొద్దు వాలాక అందరూ కలిసి ఆ పడవని చుక్క ఒలక్కుండా మోసుకెళ్ళి గొడ్లచావిడి పక్కన దించారు. అందులో నీళ్ళు తగ్గవు. దూడలు తాగుతాయి, కొంగలు వచ్చి వాలతాయి, సాయంత్రాలు ఆమె కాసేపు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది.

ఆ మరుసటి పొద్దున వీరాంజనేయులు లేచి నేల చూశాడు. నేల పొడిగా ఉంది. ఎటు వెళ్ళాలో ఆయనకి తోచలేదు. వంటింట్లో చూశాడు, పెరట్లో చూశాడు. చివరికి గుమ్మంలో నిలబడి, పెళ్ళయ్యాక మొదటిసారిగా గొంతెత్తి పిలిచాడు.

"రావమ్మా, ఎక్కడున్నావే?"

"కల్లంలో," అని వినపడింది.

కాఫీ ఊసే మరచిపోయి గబగబా వెళ్ళాడు. ఎర్రటి కాయల మధ్య చీర చెంగు బొడ్లో దోపుకుని, పాదాలతో కాయ తిరగేస్తూ ఉందామె. చూస్తూ చూస్తూ ఆయన ఒక కాలు లోపల పెట్టాడు.

"ఆగు. చెప్పులు ఇప్పి రావయ్యా," అంది వెంకటరావమ్మ.