హేరోదు ఎడమ బుగ్గ

సువార్తమ్మ పప్పుగుత్తితో కొట్టి మొగుడి పండ్లన్నీ రాలగొట్టిందని పక్కింటి సారవ్వ పూలమ్మతో అన్నదట. పూలమ్మ ఆ మాటను కడుపులో దాచుకోలేక, నల్లా వచ్చే వేళకు తీసుకుపోయి సువార్తమ్మ చెవిలోనే వేసింది. "నేనైతే నమ్మలేదక్కా. కని అంద్రెయన్న నెలసంది మూతికి తువ్వాల కట్టుకొని తిరుగుతుండు గదా. నలుగురు ఊకుంటరా?"

సువార్తమ్మ బిందె నిండేదాకా నవ్వింది. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చున్న మొగుడికి చెప్పి మళ్లీ నవ్వింది. "మనింట్ల పప్పుగుత్తి ఇరిగి ఏడాదాయె. సారవ్వకు ఎర్కలేదు పాపం."

అంద్రెయ నవ్వలేదు. నవ్వాలంటే తువ్వాల తీయాలి.

నిజానికి ఆ పండ్లను రాల్చింది తంబాకు. అంద్రెయ ఫైవింక్లైన్ బొగ్గుబాయి బస్తీలో ఉంటాడు. మీసం రాని వయసులో బాయి పనికి కుదిరి, అరవై నిండేదాకా భూమి కింద బొగ్గు నింపాడు. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనియ్యరు. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. లోపల గ్యాసు అంటుకుంటే అందరి కథా అక్కడితో సరి. అందుకని దిగే ప్రతివాడూ తంబాకులో సున్నం నలిపి, బుగ్గన పెట్టుకొని దిగేవాడు. షిఫ్టు అయ్యేదాకా అదే తోడు, అదే చాయ్, అదే ముచ్చట. చర్చిలో సంఘపెద్దగా ఎన్నుకున్న రోజున అంద్రెయ దానికి దండం పెట్టి మానేశాడు గానీ, చిగుళ్లు పాత పగ మరచిపోలేదు. ఒక్కొక్క పన్నే కదిలింది. ఆఖరువాటిని దవాఖానలో పీకించుకున్నాడు.

పండ్లు పోతే తిండికి కష్టమనుకున్నాడు. ముఖమే పోతుందనుకోలేదు. పెదవులు లోపలికి మడత పడ్డాయి. బుగ్గలు గుంటలు పడ్డాయి. గదవ ముందుకొచ్చి ముక్కును పలకరించబోయింది. ఒకప్పుడు నిమ్మకాయలు నిలబెట్టిన మీసం సగం నోట్లోకి పోయి అన్నంలో నానుతుంటే, చూడలేక తీసేయించాడు. అది ఇంకా తప్పయింది. ఒకనాడు పొద్దున చలికి తల మీదుగా దుప్పటి కప్పుకొని గడపలో కూర్చుంటే, కూరగాయల లింగవ్వ గంప దించి, "అవ్వా, చుక్కకూర లేతగున్నది, తీసుకుంటవా? నీ కోడలు లేదా ఇంట్ల?" అని అడిగింది. సువార్తమ్మ లోపలి నుంచి వచ్చి, "మా అత్త చుక్కకూర తినదు, ఒక కట్ట పాలకూర ఇయ్యి" అన్నది. ఆ రోజు నుంచి తువ్వాల మూతి మీదికి వచ్చింది.

అసలు దెబ్బ మాత్రం చర్చిలో తగిలింది.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం వాళ్ల చర్చి ఆవరణలో యేసు పుట్టుక నాటకం ఆడతారు. అందులో హేరోదు రాజు వేషం ఇరవై ఏండ్లుగా అంద్రెయది. పసిపిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇచ్చే దుర్మార్గపు రాజు. గొర్రెల కాపరులు వస్తారు, జ్ఞానులు వస్తారు, దేవదూతలు వస్తారు, కానీ జనం వచ్చేది హేరోదు కోసం. తినని పిల్లలకు తల్లులు, "హేరోదు తాతను పిలువాల్నా?" అని అన్నం పెట్టేవాళ్లు. ఈ ఏడు చిన్న వయసు పాస్టరు జాన్ ప్రసాద్ పక్కకు పిలిచి, చేయి పట్టుకొని మెల్లగా చెప్పాడు.

"కాకా, ఈసారి నువ్వు సుమెయోను వెయ్యి. ముసలి భక్తుడు. బాలయేసును ఎత్తుకొని, 'ప్రభువా, ఇగ నన్ను పోనియ్యి' అంటడు. ఒక్కటే మాట."

"ఏడికి పోనియ్యి?"

"పైకి, కాకా."

అంద్రెయ తువ్వాల సవరించుకున్నాడు. "హేరోదు ఎవరు మరి?"

"ఇమ్మాన్యుయేలన్న."

ఇమ్మాన్యుయేల్ సువార్తమ్మ తమ్ముడు. ఏరియా ఆఫీసులో క్లర్కు. ఎవరినైనా కూర్చోమని చెప్పాలన్నా రెండుసార్లు క్షమాపణ అడిగే మనిషి. పిల్లల్ని చంపమని అతను ఆజ్ఞ ఇస్తే, సైనికులు చాయ్ తాగి ఇంటికి పోతారు.

"నా పండ్లు నాకొస్తె?" అన్నాడు అంద్రెయ.

పాస్టరు గోడ మీది క్యాలెండరు చూశాడు. "డిసెంబరు రెండో ఆదివారం రా కాకా. హేరోదు ఆజ్ఞ చదువు. ఆఖరు వరుసల కూసున్నోళ్లకు ఒక్కొక్క మాట తెలిస్తె, కిరీటం నీదే."

మర్నాడే అంద్రెయ గోడ మీది ఫోటో దించి, చొక్కా గుడ్డలో చుట్టుకొని, పెండ్లాంతో లక్ష్మీనగర్‌లో పండ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. ఆ గోడ మీద మూడు ఫోటోలుంటాయి. ఒకటి తండ్రిది, ఒకటి పెద్దకాకది, ఒకటి తనది. ముగ్గురూ బాయి మనుషులే, మూడూ బాయి మొగదల తీసినవే. గుర్తింపు కార్డు కోసం కంపెనీ ఫోటోగ్రాఫరు తీసినదాన్ని తరువాత పెద్దది చేయించుకున్నారు. సువార్తమ్మకు దవాఖాన వాసన పడదు. మొగుణ్ని గుమ్మందాకా దింపి, దేవదూతల రెక్కలకు తెల్లగుడ్డ కొనాలని బజారుకు పోయింది.

డాక్టరు శ్రీలేఖ రిటైరయిన బాయి ఇంజనీరు సూర్యప్రకాశరావు కూతురు. వాళ్లది రాజమండ్రి వైపు. పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే, ఆఫీసర్ల బంగళాల్లో. అద్దం ముందు కూర్చోబెట్టి, అంద్రెయ గదవ ఎముకను వేలితో తడిమింది.

"పళ్లుంటేనే ఎముకకు పని అంద్రెయగారూ. అవి పోయాక దానికి పని లేదు, కరిగిపోతూ వస్తుంది. పెదవికీ బుగ్గకీ ఆసరా ఉండదు. అందుకే ముఖం ఇలా లోపలికి వెళ్లింది. మీకు వయసు మీద పడటం కాదిది."

"తెలిసింది డాక్టరమ్మా. బొగ్గు తీసినకాడ ఇసుక నింపకపోతె పైన భూమి కుంగుతది. గట్లనే గదా?"

"అచ్చం అలాగే. నాన్నగారు కూడా ఇసుక ఇసుక అంటూనే రిటైరయ్యారు." నవ్వి, దారులు చెప్పింది. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టు ఒకటి. కింది ఎముకలో రెండు స్క్రూలు బిగించి, సెట్టును వాటి మీద గుండీలా నొక్కి పెట్టుకోవడం రెండోది, అది కదలదు. అన్నీ స్క్రూల మీదే, ఇక తీసే పని లేకుండా కట్టడం మూడోది, దానికి ఎముక సరిపోకపోతే ముందు ఎముక కూడా నింపాలి. "స్క్రూలు ఎముకలో కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మీకు తొందరేమైనా ఉందా?"

"రెండో ఆదివారం హేరోదు ఆజ్ఞ ఉన్నది."

ఆ సంగతి వివరంగా చెప్పాక, ముందు సెట్టు, పండగ తరువాత కావాలంటే స్క్రూలు అని ఒప్పందమైంది. అంద్రెయ గుడ్డ విప్పి ఫోటో చేతికిచ్చాడు. "నాకు గీ ముఖం కావాలె."

శ్రీలేఖకు ముచ్చటేసింది. చాలామంది తెల్లటి పళ్లు అడుగుతారు. ముఖం అడిగినవాణ్ని ఆమె ఇంతకు ముందు చూడలేదు. కొలతలు తీసింది. ఇంకో రోజు మైనంలో పండ్లు గుచ్చి నోట్లో పెట్టి, పెదవి ఎంత పైకి రావాలో సరిచూసింది. ఫోటో పక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఎడమ బుగ్గ కొంచెం నిండుగా ఉంది. అప్పుడేమైనా వాపా?"

"వాపు గాదు డాక్టరమ్మా. మా ఇంటి బుగ్గ. మా నాయినది గిట్లనే ఉంటది. మా పెద్దకాకదైతె ఇంకింత."

అతను అబద్ధమాడలేదు. బాయిలో చేరినప్పటినుంచీ అద్దంలో ముఖం చూసుకున్నది డ్యూటీకి పోయేముందే. గోడ మీద చూస్తే ముగ్గురివీ ఎడమ బుగ్గలు ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి.

"అయితే అటువైపు కొంచెం దళసరిగా కడతాను" అని శ్రీలేఖ ఎడమ పక్కన మైనం అద్దింది.

సెట్టు తయారై పెట్టుకున్న రోజు అంద్రెయ అద్దంలోకి చూసి, పక్కన ఎవరో నిలబడ్డారనుకొని వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. పెదవులు బయటికొచ్చాయి. గదవ తన చోటికి తాను పోయింది. ఎడమ బుగ్గ లోపల బరువు తగిలేసరికి నాలుక తనంత తానే అక్కడికి పోయి ఆనుకున్నది. ప్రాణం కుదుటపడ్డట్టయింది. బయట దేవదూతల రెక్కలు కుట్టుకుంటూ కూర్చున్న సువార్తమ్మ మొగుణ్ని తేరిపార చూసింది. చూపు ఎడమ బుగ్గ దగ్గర ఆగింది. ఏదో అనబోయింది. అంతలో అతను నవ్వాడు. ఎన్నాళ్లకో చూసిన నవ్వు. ఆమె నోరు మూసుకొని, ఆ నవ్వు వెంటే ఆటో ఎక్కింది.

ముఖమైతే వచ్చింది గానీ మాట రాలేదు. 'స' అంటే ఈల పడేది. కింది సెట్టు జారేది. గట్టిగా చదివితే నాలుకకు అలవాటవుతుందని డాక్టరు చెప్పింది. అంద్రెయ తెల్లవారగానే దాబా ఎక్కి అరవడం మొదలుపెట్టాడు. "సైనికులారా, సంహరించండి. ఒక్కరినీ విడువకండి." మూడో రోజుకు సారవ్వ పూలమ్మతో మరో మాట అన్నదట, పండ్లు రాలగొట్టినందుకు అంద్రెయ పెండ్లాం మీద పగ తీర్చుకుంటాడని, రోజూ దాబా మీద నిలబడి మనుషుల్ని పురమాయిస్తున్నాడని. సువార్తమ్మ ఈసారి రెండు బిందెలు నిండేదాకా నవ్వింది.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తగా మొలుస్తున్న మీసంతో అంద్రెయ ముందుకు పోయాడు. ఆఖరు వరుసలో పూలమ్మ, ఆమె పక్కన పాత బాయి దోస్తు బుచ్చన్న కూర్చున్నారు. అంద్రెయ నాలుకను ఎడమ బుగ్గకు ఒకసారి ఆనించి, ఆజ్ఞ ఇచ్చాడు. పూలమ్మ భయంతో కొంగు నోట్లో కుక్కుకున్నది. ఒక పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఇమ్మాన్యుయేల్ లేచి, అట్ట కిరీటం తెచ్చి స్వయంగా నెత్తిన పెట్టాడు.

"తీస్కో బావా. పిల్లల్ని సంపాలె, సంపాలె అనుకుంట నాకు నిద్ర పడ్తలేదు. సుమెయోను నేనేస్త."

నాటకం రోజు సాయంత్రం చర్చి ఆవరణ నిండిపోయింది. ఏమాటకామాటే, అలాంటి హేరోదును ఆ బస్తీ చూడలేదు. లైటు పక్కనుంచి పడితే ఎడమ బుగ్గ ఉబ్బి, ఆ ముఖంలో కోపం ఇంకో వీశెడు ఎక్కువ కనిపించింది. అతను సింహాసనం దిగి ముందుకొస్తే దేవదూతలు కూడా రెక్కలు వదిలేసి తల్లుల దగ్గరికి పరిగెత్తారు. లింగవ్వ పక్కనున్న మనిషిని, "ఈ రాజును ఏడనన్న చూసిన్నా?" అని అడిగింది. ఇమ్మాన్యుయేల్ తన ఒక్క మాటా చెప్పి హాయిగా ఏడ్చాడు.

తరువాత చాపలు పరచి బగారన్నం, మాంసం కూర వడ్డించారు. శ్రీలేఖ తండ్రితో కలిసి వచ్చింది. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. అంద్రెయ కిరీటం తీయకుండానే ఎముక కొరికి చూపించాడు. తరువాత ఎవరూ అడగకముందే ఫోటో తెచ్చి, ముఖం పక్కన పెట్టుకున్నాడు.

"చూడుండ్రి. వెంట్రుకంత తేడా ఉన్నదా?"

"నాకు ఆ ఎడమ బుగ్గే కష్టమైంది" అన్నది శ్రీలేఖ సంతోషంగా. "మూడు తరాల పోలిక కదా, పోగొట్టకూడదనుకున్నాను."

"గదీ మాట" అన్నాడు అంద్రెయ. "మా నాయినది గిదే బుగ్గ. మా పెద్దకాకది గిదే. రక్తంల ఉన్నది."

"దేవుడు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గుర్తు పెడ్తడు కాకా" అన్నాడు పాస్టరు. సూర్యప్రకాశరావు తల ఊపాడు. బుచ్చన్న ఒక్కడే తల వంచుకొని విస్తరాకులోకి చూస్తూ కూర్చున్నాడు.

కూర గిన్నె పట్టుకొని వరుస వెంట వస్తున్న సువార్తమ్మ, మొగుడి ముందు వంగి ఒక గరిటె వేసింది.

"బుగ్గ గాదయ్యా అది, తంబాకు ముద్ద. మీ నాయినదీ గదే, మీ కాకదీ గదే."