కార్వేటినగరం పదును

కార్వేటినగరంలో పాత కోటగోడకు ఆనుకొని ఉన్న బుడేన్ సాహెబు పనిశాలకు ప్రతి సోమవారం టపా వచ్చేది. నగరి, పుత్తూరు, పలమనేరు ప్రాంతాల్లో చెట్లు కోసేవాళ్ళు తమ రంపపు మిషన్ల గొలుసులు మొద్దుబారగానే అట్టపెట్టెల్లో చుట్టి ఆయన పేరిట పంపేవారు. సోమవారం వచ్చిన గొలుసు మంగళవారం టపాలో పదునెక్కి మరలిపోవలసిందే. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట తప్పలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు సాహెబు గడ్డం కాస్త పైకి లేచేది.

మొదట గ్రైండింగ్ మిషన్ మీద పళ్ళన్నింటినీ ఒకే కొలతకు తేవాలి. ఆపై గుండ్రని ఆకురాయితో పంటికి మూడేసి రాపిళ్ళు. కుడిపళ్ళకు మూడు, ఎడమపళ్ళకు రెండు పడ్డాయంటే రంపం ఒక పక్కకు లాగుతుంది. ముగిసిన గొలుసును గోడమేకుకు తగిలిస్తే, పదును కుదిరిన పక్షంలో, అది తాను కోయబోయేదాని వాసన వేస్తుంది. మామిడైతే వీధంతా జిగురు పరిమళం, వేపైతే చేదుపూత. ఆ వాసననుబట్టి పంటిముందున్న చిన్న బొడిపెను మెత్తని మామిడికి ఎక్కువగా, గట్టి చింతకు తక్కువగా అరగదీసేవారు. ఇరుగుపొరుగు దానిని వానవాసన వచ్చినంత మామూలుగా ఎరుగుదురు.

రెండేళ్ళ కిందట ఒక జ్వరం సాహెబు ఘ్రాణశక్తిని హరించి, మణికట్టులో వణుకును వదిలిపోయింది. నాటినుండి ఆకురాయి కూతురు బుష్రా చేతికి వచ్చింది. గొలుసు లంకెలను భూతద్దంతో పరీక్షించే పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పెట్టెమీద పేరు కూడా ఆయనదే. తన పేరూ రాద్దామా అని బుష్రా ఒకసారి అడిగింది.

"పేరు మనం రాసుకునేది గాదు బేటీ. గొలుసులే సంపాయించి పెట్టాల," అన్నాడాయన. ఆమె మళ్ళీ అడగలేదు. రాపిడి లెక్కను మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

ఒక సోమవారం నగరినుండి ధనంజయ గొలుసు వచ్చింది. గురువారం పొద్దున్నే పెద్ద చింతచెట్టు కోతకు ఒప్పుకున్నానని, ఆలస్యం కాకూడదని అతడు ఫోనులో మరీమరీ చెప్పాడు. సాహెబు లంకెలు చూసి సరేనన్నాడు. బుష్రా పదును పట్టి, మంగళవారం మధ్యాహ్నం మేకుకు తగిలించింది. ఘుమఘుమలాడే చింతపూత కోసం ముక్కు చాచి, చాచినట్టే నిలిచిపోయింది.

"అబ్బాజాన్, ఇది సెట్టు వాసన గాదు. కొబ్బరినూనె, బీడీపొగ, సెమట."

అది నీ తలనూనె అయ్యుంటుందని సాహెబు కొట్టిపారేశాడు. తాను రెండురోజులుగా నూనె ముట్టలేదన్నది ఆమె. పెట్టెలు తీసుకుపోయే పోస్ట్‌మ్యాన్ రాజారత్నం అప్పుడే గడపలోకి వచ్చి, వాసన పట్టి లోపలికి తొంగిచూశాడు.

"ఎవురో కూలాయన వచ్చినట్టుండాడే. యాడ?"

పనిశాలలో తండ్రీకూతుళ్ళు తప్ప ఎవరూ లేరు.

సాహెబు గొలుసును ఒడిలోకి దించుకొని, పాత నూనెజిడ్డును గుడ్డతో తుడిచి, లంకె తర్వాత లంకె మళ్ళీ చూశాడు. నలభై ఒకటో లంకెలో, రివెట్టు పక్కన, వెంట్రుకకంటె సన్నని చీలిక. అట్టి లంకె పరుగుమీద తెగితే గొలుసు కొరడాలా వెనుదిరిగి మిషన్ పట్టినవాడినే కొడుతుంది. నిన్న జిడ్డు తుడవకుండానే అద్దం పెట్టిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

"నేనే సూడలేదు," అన్నాడు మెల్లగా. రాజారత్నానికి మిగిలిన పెట్టెలిచ్చి, ఈ ఒక్కటి నేడు రాదని చెప్పాడు. ఇరవై రెండేళ్ళ మాట అలా సంచి వెంట వీధి మలుపు తిరిగిపోయింది.

ఫోను ఆయనే చేశాడు. కూలీలను పిలిపించుకున్నానని ధనంజయ విసుక్కున్నాడు.

"తప్పు నా కంటిదప్పా. పట్టుకున్నది నా కూతురు బుష్రా. గొలుసు మనిసి వాసన ఏసినాది."

అవతల ధనంజయ బీడీ దమ్ము లాగడం ఆపాడు.

"ఏం వాసన?"

"కొబ్బరినూనె, బీడీ."

"సరే సాహెబూ," అన్నాడు ధనంజయ, నూనె రాసిన తల తడుముకుంటూ. "ఎప్పుడొస్తే అప్పుడే కోస్తాలే."

పాతగొలుసును సాహెబు సుత్తితో విరిచి, కొత్తది కట్టాడు. బుష్రా పంటికి మూడు రాపిళ్ళు లెక్కపెట్టింది. మేకుమీద ఎక్కిన గొలుసునుండి పుల్లని చింతపూత వాసన వీధిలోకి నడిచింది. పక్కింటివాళ్ళు నోరూరి గుటకలు వేశారు.

మరో మూడు సోమవారాలకు ఆ గొలుసు తిరిగి వచ్చింది. మొద్దుబారిన పళ్ళ సందుల్లో చింతపొట్టు ఉంది. రాజారత్నం అందించిన రసీదు కాగితానికి సాహెబు అలవాటుగా చెయ్యి చాచి, పెట్టెమీది వంకర అక్షరాలు చదివి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. *బుష్రా గారికి, కార్వేటినగరం.*

"సంతకం నువ్వు పెడతావా, ఈ పేరు గలోళ్ళు వేరే ఉండారా?" అని రాజారత్నం నవ్వాడు.

సాహెబు గడ్డం పైకి లేచింది.

"ఉండాది. సెయ్యి కడుక్కోని వస్తాది. నిలబడు."