కిటికీ లేని కుడివైపు

ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించానా అనుకుంటూ సంచిలో చెయ్యి పెడితే తడి లేదు, బిగించినట్టే, పైగా బెంచీ చివర ఎవరో పుణ్యాత్ముడు గొడుగు విప్పుకున్నాడు, సగం నీడ నా మీదే పడుతోంది, అడక్కుండా దొరికే ఇలాంటివి ఈ మధ్య నాకు బాగా కనిపిస్తున్నాయి, అదిగో మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ బ్యాటు పట్టుకుని వస్తోంది, నడక అచ్చం వాళ్ళమ్మదే, అది రావడం చూసి అవతలి జట్టు పిల్లలంతా ఎడమవైపుకి జరిగిపోతున్నారు, మైదానం కుడి సగం ఖాళీ, బంతి వేసే అమ్మాయి కావాలనే దూరంగా, కుడి అంచుకి వేస్తుంది, మా పిల్ల ఒళ్ళంతా సాచి మరీ దాన్ని ఎడమకి లాగుతుంది, బంతి దొర్లుకుంటూ కాచుకున్న చేతుల్లోకే పోతుంది, ఇప్పుడూ అదే అయింది, ఇది పరిగెత్తి మొదటి బేస్ చేరేలోపే బంతి అక్కడికి చేరిపోయింది, ఔట్, గొడుగాయన టైలరు, వాళ్ళమ్మాయీ మా జట్టే, ఏం సార్, మీ పాపకి కుడివైపు లోకం లేదాండీ అన్నాడు, లేనట్టే ఉందండీ అని నేనూ నవ్వాను.

కోచ్ మేడం మాత్రం నవ్వలేదు, కంచె పక్కన దాన్ని నిలబెట్టి, అటంత ఖాళీ ఉంటే, అక్కడేమన్నా పాముందా అమ్మా, దూరంగా పడ్డ బంతిని లాగకు, రానివ్వు, నీ దాకా వచ్చాక అటే తోసెయ్, ఈసారి కూడా లాగావంటే పై మ్యాచ్‌కి బెంచీయే తల్లీ అంది, పిల్ల తల ఊపింది, ఆ ఊపుడు నాకు తెలుసు, తిన్నావా అంటే తినకుండానే ఊపే ఊపుడు, అర్థం కాక కాదు, చెయ్యి మాట వినదు, ఇంట్లో నేను విసిరినా అంతే, మా పెరడు పెరడనడానికి లేదు, సందు, ఎడమవైపు గోడ, కుడివైపు వంటింటి కిటికీ, కిటికీలో ఉల్లిపాయలు తరుగుతూ వాళ్ళమ్మ, ఇటు కొట్టావంటే బ్యాటు పొయ్యిలో పెడతానే, నా కిటికీ జోలికొచ్చారో ఇవాళ తండ్రీకూతుళ్ళకి పస్తే అనేది, పిల్ల కిలకిలా నవ్వి ఎలాంటి బంతినైనా గోడకే లాగేది, ఆ గాజు ఒక్కసారీ పగల్లేదు, తను పోయాక కూడా పగల్లేదు, పోయాక కూడా, అయ్యో పిచ్చితల్లీ, నీ చేతులు ఇంకా అక్కడే కాపలా ఉన్నాయా.

నీళ్ళసీసా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాను, ఏమీ చెప్పకు నాన్నా, మేడం చెప్పింది చాలు అంది, ఆట గురించి కాదే, అమ్మ కిటికీ ఇక్కడ లేదమ్మా అన్నాను, తాగుతున్నదల్లా ఆగిపోయింది, కుడివైపు చూసింది, ఖాళీ గడ్డి, మళ్ళీ నన్ను చూసింది, పగిలితే తిడుతుంది నాన్నా అంది మెల్లిగా, తిట్టనీ, ఆ తిట్లు విని చాలా రోజులైంది అన్నాను, నవ్వబోయి మోచేత్తో ముక్కు తుడుచుకుంది, సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ దాని వంతు, మళ్ళీ అందరూ ఎడమకి జరిగారు, బంతి మళ్ళీ దూరంగానే, లాగుతుందనుకున్నాను, భుజం కదిలింది కూడా, కానీ ఆగింది, రానిచ్చింది, ఇంకా రానిచ్చింది, ఇక దాటిపోయిందనే అనుకున్నాను, అప్పుడు తోసింది, బంతి కుడివైపుకి ఎగిరిపోయి ఎవరూ లేని గడ్డిలో పడి దొర్లుతూనే ఉంది, మేడం పరిగెత్తు పరిగెత్తు అంటోంది, టైలరు నా వీపు చరిచి, ఉందండోయ్ లోకం అన్నాడు, గొడుగు కింద పడింది, ఎండ బాగుంది, పిల్ల రెండో బేస్ మీద ఒగరుస్తూ నా వైపు చూడలేదు, బంతి పడ్డ వైపే చూస్తోంది, నేనూ అటే చూశాను, ఇన్నాళ్ళూ అది వాళ్ళమ్మకి తగలకుండా కొడుతోంది, ఇవాళ మొదటిసారి నేరుగా వాళ్ళమ్మ వైపే కొట్టింది, ఏమీ పగల్లేదు.